పాత తీగలకు కొత్త మెదడు

టెలిఫోను ఎక్స్ఛేంజీ పుట్టిన నాటినుంచీ వైద్యుల చుట్టూ తిరుగుతూనే ఉంది. గ్రాహం బెల్‌కు పేటెంటు దక్కింది 1876లో. మరుసటి ఏడే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఐజక్ స్మిత్ అనే మందుల కొట్టు యజమాని తన కొట్టునుంచి ఊళ్లోని 21 మంది డాక్టర్లకు తీగలు లాగించాడు. 1878 జనవరిలో దగ్గర్లోని టారిఫ్‌విల్‌లో వంతెన కూలి రైలు నదిలో పడినప్పుడు ఆ కొట్టునుంచే డాక్టర్లకు కబురు వెళ్లింది. ఆ పై ఏడు లోవెల్ పట్నంలో తట్టు వ్యాపించింది. అప్పటికింకా ఫోను నంబర్లు లేవు. ఫలానా ఆయన కావాలంటే ఆపరేటరు గుర్తుపట్టి కలపాలి. ఆపరేటర్లంతా మంచం పడితే ఊరి ఫోన్లు మూగబోతాయని మోజెస్ గ్రీలీ పార్కర్ అనే వైద్యుడికి దిగులు పట్టుకుంది. ప్రతి ఫోనుకూ ఒక అంకె కేటాయిస్తే కొత్తగా వచ్చినవాళ్లయినా కలపగలరని ఆయన సలహా ఇచ్చాడు.

ఆ అంకెలను మనుషుల చేతుల్లోంచి తీసి యంత్రానికి అప్పజెప్పింది మాత్రం అంత్యక్రియల వ్యాపారి. కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ స్ట్రోజర్‌కు ఒక అనుమానం. ఎక్స్ఛేంజీలో కూర్చున్న ఆవిడ పోటీదారు తాలూకు మనిషనీ, తన బేరాలన్నీ అటు మళ్లిస్తోందనీ. నిజమో కాదో గానీ ఆ అక్కసులోంచి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ పుట్టిందని చెప్పుకుంటారు. 1891లో పేటెంటు వచ్చింది, 1892లో ఇండియానాలోని లా పోర్ట్‌లో తొలి ఎక్స్ఛేంజీ నడిచింది. దాని కిటుకు సులువే. తరవాత వచ్చిన ఫోను డయలు తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు తీగలో కరెంటును తెంపి కలుపుతుంది. 5 తిప్పితే ఐదుసార్లు. తెగినప్పుడల్లా ఎక్స్ఛేంజీలోని విద్యుదయస్కాంతం ఒక కడ్డీని ఒక్కో మెట్టు పైకి లేపుతుంది. తరవాతి అంకెకు అదే కడ్డీ పక్కకు తిరుగుతుంది. పది వరసలు, వరసకు పది కొనలు, వెరసి వంద ఫోన్లు.

మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో 1882లోనే ఎక్స్ఛేంజీలు తెరుచుకున్నాయి. ఆసుపత్రులూ హోటళ్లూ గోడకు బిగించుకోగల ఎలక్ట్రానిక్ డబ్బా, అంటే ఈపీఏబీఎక్స్, విరివిగా వచ్చింది మాత్రం సీడాట్ తరవాతే. 1984లో శామ్ పిట్రోడా చొరవతో మొదలైన ఆ సంస్థ 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పిన గ్రామీణ ఎక్స్ఛేంజీ ఏసీ గది అక్కర్లేకుండా నడిచింది. ఆ బాపతు ఈపీఏబీఎక్స్‌ల సాంకేతికతను సీడాట్ కంపెనీలకు ఇచ్చింది. ఇంటర్‌కామ్‌లో 9 నొక్కితే ఆపరేటరు, 0 నొక్కితే బయటి లైను అన్న అలవాటు చాలా ఆఫీసులకు ఇలాంటి డబ్బాల వల్లే అబ్బింది.

ఇప్పుడా డబ్బాలకు వయసు మీద పడింది. ముందు పోయేది పవర్ సప్లై. అందులోని కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. తరవాత మెమరీని కాపాడే చిన్న బ్యాటరీ. అది చచ్చాక కరెంటు పోయిందంటే ఏ ఎక్స్‌టెన్షన్ ఎవరిదన్న లెక్కంతా చెరిగిపోతుంది. కార్డు కాలితే కొత్తది దొరకదు, ఎక్కడో విప్పేసిన ఎక్స్ఛేంజీలోంచి పీకిన పాత కార్డు కోసం వెతకాలి. అప్పుడు కంపెనీవాళ్లు వచ్చి డబ్బా, తీగలు, ఫోన్లు మొత్తం మార్చాలని కొటేషన్ రాస్తారు. ‘లైఫ్ అయిపోయింది’ అన్న మాట ఆ కాగితంలో కనబడితే ఏ భాగానికి అయిపోయిందని అడగాలి. ముసలితనం వచ్చింది డబ్బాకే. గోడల్లోని రాగి తీగకు తడి తగలకపోతే అది ఇంకా దశాబ్దాలు పనిచేస్తుంది. బల్ల మీది మామూలు ఫోను పాడైతే మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

పైగా ఆసుపత్రిలో ఆ రాగి తీగకున్న గుణాలు కొత్త కేబుల్‌కు లేవు. ఎథర్నెట్ కేబుల్ 100 మీటర్లకు మించి పోదు, మధ్యలో స్విచ్ పెట్టాల్సిందే. టెలిఫోను జత కిలోమీటరు దాటినా మాట మోస్తుంది. విశాఖ కేజీహెచ్ లాంటి విశాలమైన ఆవరణల్లో బ్లాకుకూ బ్లాకుకూ మధ్య ఎంత దూరమో నడిచినవాళ్లకు తెలుసు. రెండోది కరెంటు. మామూలు ఫోనుకు కావలసిన డీసీ ఎక్స్ఛేంజీ నుంచి అదే తీగలో వస్తుంది. రిసీవరు పెట్టేసి ఉన్నంతసేపూ అది దాదాపు ఏమీ తీసుకోదు. కాబట్టి కింద టెలిఫోను గదిలో ఒక్క బ్యాటరీ బ్యాంకు ఉంటే చీకట్లో కూడా అన్ని వార్డుల ఫోన్లూ మోగుతాయి. ఎథర్నెట్ మీద నడిచే ఐపీ ఫోను అలా కాదు, మాట్లాడినా మాట్లాడకపోయినా ఒక్కోటి నాలుగు వాట్ల దాకా తింటూ ఉంటుంది. అలాంటివి 200 ఉంటే 800 వాట్లు, రాత్రీ పగలూ. పైగా ప్రతి అంతస్తులో స్విచ్‌కు విడిగా యూపీఎస్. కొటేషన్‌లో ఈ యూపీఎస్‌లు చాలాసార్లు కనబడవు.

డబ్బా ఒక్కదాన్నే చవగ్గా మార్చే దారి 1999లో పడింది. అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి చిన్న లినక్స్ సేవల వ్యాపారం పెట్టుకున్నాడు. ఫోను ఎక్స్ఛేంజీ కొనే స్థోమత లేక తానే ఒక ప్రోగ్రాం రాసి కంప్యూటరుతో ఆ పని చేయించాడు. దాని పేరు ఆస్టరిస్క్. ఎవరైనా ఉచితంగా వాడుకోమన్నాడు. ఇప్పుడు ఒక మధ్యస్థాయి ఆసుపత్రికి సాధారణ కంప్యూటరు చాలు. అది పాడైతే వెంటనే అందుకోవడానికి రెండోది పక్కన ఉంచాలి. కంప్యూటరుకూ పాత తీగలకూ మధ్య ఎఫ్‌ఎక్స్‌ఎస్ గేట్‌వే అనే పెట్టె ఉంటుంది. అది మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది, ఫోనుకు డీసీ ఇస్తుంది, రింగు కొడుతుంది. టెక్నీషియన్ టెలిఫోను గదిలో తీగలన్నీ వచ్చి చేరే క్రోన్ బాక్సు దగ్గర జంపర్లను, అంటే కలిపే చిన్న తీగలను, పాత కార్డు నుంచి గేట్‌వే వైపు మారిస్తే సరి. వార్డులో నర్సుకు ఏదీ మారినట్టే తెలియదు.

అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉండగా ఈ తంటా ఎందుకని అడగొచ్చు. ఆసుపత్రిలో కావలసింది ఫలానా మనిషి కాదు, ఫలానా చోటు. బ్లడ్ బ్యాంకులో ఇప్పుడు డ్యూటీలో ఎవరున్నా సరే, ఎత్తాలి. సెల్‌ఫోను డ్యూటీ దిగి మనిషితోపాటు ఇంటికి పోతుంది. బేస్‌మెంట్లో, సీసపు రేకులు వేసిన ఎక్స్‌రే గదిలో దానికి సిగ్నల్ అందడం కష్టం.

బయటి లైన్లు ఎన్ని తీసుకోవాలో ఊహతో తేల్చనక్కర్లేదు. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన గణిత పండితుడు ఎర్లాంగ్ 1917లోనే సూత్రం ఇచ్చాడు. మంచి రద్దీ గంటలో వంద ఫోన్లు తలా మూడు నిమిషాలు బయటికి మాట్లాడతాయనుకుందాం. 300 నిమిషాలు, అంటే సగటున ఎప్పుడూ ఐదు లైన్లు నిండి ఉంటాయి. అయిదుకు ఒకటి కలిపి ఆరు తీసుకుంటే ప్రతి అయిదు కాల్స్‌లో ఒకటి ఎంగేజ్. పదకొండు తీసుకుంటే వందలో ఒకటి కూడా తప్పిపోదు. అక్కణ్నుంచి పెంచే ప్రతి లైనూ నెలనెలా అద్దె దండగ. పాత ఎక్స్ఛేంజీ కాల్ రికార్డు ఒక వారానిది తీసి చూస్తే ఆసుపత్రి అసలు రద్దీ తెలిసిపోతుంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు. అయినా కొటేషన్ పిలిచే ముందు ఎవరూ చేయరు.

కంప్యూటరుతోపాటు ఒక కొత్త బెడదా వస్తుంది. అది ఇంటర్నెట్‌కు తెరిచి ఉండి, ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టుకుంటే, దొంగలు రాత్రికి రాత్రి చొరబడి ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు. ఆదా చేసిందంతా ఒక్క బిల్లులో ఊడ్చుకుపోతుంది. ఐఎస్‌డీ మూసేయాలి. ఫోన్ల నెట్‌వర్కును కంప్యూటర్ల నుంచి వేరుగా ఉంచాలి.

నంబర్లు మాత్రం మార్చకూడదు. గుండె ఆగిన రోగి పక్కన నిలబడ్డ నర్సు వేళ్లకు తెలిసింది పాత నంబరే. బ్రిటన్‌లో ఒకప్పుడు ఈ అత్యవసర నంబరు ఆసుపత్రికొకటిగా ఉండేది. ఉద్యోగం మారిన డాక్టరు కొత్త నంబరు కోసం తడుముకోవలసి వచ్చేది. 2004లో ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రులన్నీ 2222 పెట్టుకోవాలని రోగుల భద్రతా సంస్థ చెప్పింది. మన దగ్గర కొత్త ఎక్స్ఛేంజీ పెట్టేటప్పుడు అలాంటి ఒక నంబరు నిర్ణయించుకోవడం ఖర్చు లేని పని.

అందుకే సూపరింటెండెంట్లకు, ఆసుపత్రి యజమానులకు ఒక మనవి. ఒక్కో బ్లాకే మార్చండి. ముందు ఆఫీసు, తరవాత ఓపీ, చివరికి ఐసీయూ, ఆపరేషన్ థియేటర్. క్యాజువాలిటీలో ఎక్స్ఛేంజీకి సంబంధం లేని నేరు లైను ఒకటి ఉంచండి. కొత్తది ఒక వానాకాలం దాటేదాకా పాత డబ్బాను తుక్కుకు వేయకండి. ఏళ్ల తరబడి బోర్డు దగ్గర కూర్చున్న ఆపరేటర్‌ను మొదటి సమావేశానికే పిలవండి. ఏ లైను వానకు గరగరమంటుందో, ఏ వార్డు ఫోను ఎత్తదో ఆవిడకు తెలిసినంత ఏ కంపెనీ ఇంజనీరుకూ తెలియదు.