ఉద్యోగం మారండి.. సర్వీసు పోగొట్టుకోకండి!

పోలవరం స్పిల్‌వేకు 48 గేట్లు. అక్కడ హెల్మెట్లు పెట్టుకుని తిరిగే ఇంజినీర్లను చూస్తే అందరిదీ ఒకే ఉద్యోగం అనిపిస్తుంది. వాళ్ల జీతం స్లిప్పులు పక్కపక్కన పెడితే మాత్రం లెక్క మారిపోతుంది. నిర్మాణ సంస్థలో పనిచేసే సైట్ ఇంజినీరుకు ఈపీఎఫ్ కోత పడుతుంది. రాష్ట్ర జలవనరుల శాఖలో 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత చేరిన ఏఈఈకి సీపీఎస్. కేంద్ర జలసంఘం నుంచి వచ్చిన ఇంజినీరు 2004 జనవరి 1 తర్వాత సర్వీసులో చేరి ఉంటే ఎన్‌పీఎస్, లేదంటే 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన యూపీఎస్. ఆనకట్ట ఒక్కటే, పింఛను దారులు మూడు.

మన గోదావరి జిల్లాల్లో సివిల్ చదివిన చాలామంది ఈ మూడు దారుల్లోనూ నడుస్తారు. బీటెక్ అవ్వగానే సైట్లో రెండేళ్లు, తర్వాత గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్, ఈలోగా ఎస్‌ఎస్‌సీ జేఈ రాసి కేంద్ర జలసంఘానికి! ఉద్యోగం మారిన ప్రతిసారీ జీతం ఎంత పెరిగిందో చూసుకుంటాం. వెనక ఏం వదిలేసి వచ్చామో చూసుకోం. ఇరవై మూడేళ్ల వయసులో పింఛను గురించి ఆలోచించడమేంటి అనుకోవద్దు. నష్టం జరిగేది ఆ వయసులో పెట్టే ఒక్క సంతకంతోనే.

డబ్బు వేరు.. సర్వీసు వేరు

ముందు ఈ తేడా తెలుసుకోవాలి. సీపీఎస్, ఎన్‌పీఎస్‌లలో మీ ఖాతాలో పడిన డబ్బు మీదే. రాజీనామా చేసినా అది ఎక్కడికీ పోదు. పోయేది సర్వీసు. మామూలు రాజీనామాతో అప్పటిదాకా చేసిన సర్వీసు రద్దయిపోతుందన్నది కేంద్ర పింఛను నిబంధనల్లో పాత సూత్రం. గ్రాట్యుటీకి లెక్కించే ఏళ్లు, నిల్వ ఉన్న సెలవులు, వేతన రక్షణ.. ఇవన్నీ సర్వీసుకు ముడిపడి ఉన్నవే.

యూపీఎస్ వచ్చాక ఈ ఏళ్ల విలువ ఇంకా పెరిగింది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. కనీసం పదేళ్లు చేసి రిటైరైతే నెలకు 10,000 రూపాయలకు తగ్గదు. మధ్యలో రాజీనామా చేసి వెళ్లిపోయినవాళ్లకు మాత్రం ఈ హామీ లేదు.

‘టెక్నికల్ రాజీనామా’ అంటే?

ఒక ప్రభుత్వ ఉద్యోగం నుంచి మరో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తున్నప్పుడు పాతది వదలక తప్పదు. ఆ రాజీనామా లాంఛనం మాత్రమేనని గుర్తించడమే టెక్నికల్ రాజీనామా. కేంద్ర సిబ్బంది శాఖ దీనిపై 2016 ఆగస్టు 17న మార్గదర్శకాలన్నీ ఒకచోట చేర్చి ఇచ్చింది. ప్రధాన షరతు ఒక్కటే, కొత్త పోస్టుకు మీ శాఖ ద్వారానే దరఖాస్తు చేసి ఉండాలి. అంటే ‘ప్రాపర్ ఛానల్’. అప్పుడు పాత సర్వీసు కొత్త దానికి కలుస్తుంది.

మరి ఉద్యోగంలో చేరకముందే రాసేసిన పరీక్షల సంగతి? మన కుర్రాళ్లలో ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే. ఇటు ఒక పోస్టింగ్ వస్తుంది, అటు రెండు ఫలితాలు పెండింగ్‌లో ఉంటాయి. దీనికీ దారి ఉంది. చేరిన వెంటనే ‘ఫలానా పోస్టులకు ముందే దరఖాస్తు చేశాను’ అని కార్యాలయానికి రాసివ్వాలి. ఎంపికయ్యాక రాజీనామా లేఖలో ఆ పోస్టు పేరు, దానికి చేరకముందే దరఖాస్తు చేసిన విషయం స్పష్టంగా రాయాలి. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాస్తే మీ సర్వీసును మీ చేత్తోనే కొట్టేసుకున్నట్టు. రాజీనామాను ఆమోదిస్తూ ఇచ్చే ఉత్తర్వులోనూ కొత్త పోస్టు వివరం ఉందో లేదో చదివాకే ఆఫీసు గడప దాటండి.

ఇవి కేంద్ర ఉద్యోగులకు ఇచ్చిన మార్గదర్శకాలు. రాష్ట్ర శాఖల్లో జీవోలు వేరుగా ఉంటాయి. అక్కడ ఎన్‌వోసీ, రిలీవింగ్ ఉత్తర్వు ఏ రూపంలో ఉండాలో మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ముందే అడగండి.

ప్రాన్ ఒక్కటే ఉండాలి

సీపీఎస్‌లో చేరినప్పుడు వచ్చే 12 అంకెల ప్రాన్ జీవితాంతం అదే. కొత్త శాఖలో ‘నాకు ప్రాన్ ఉంది’ అని చెప్పండి, రెండోది తీసుకోవద్దు. రాష్ట్రం నుంచి కేంద్రానికో బ్యాంకుకో మారితే ఐఎస్ఎస్-1 ఫారంతో ఖాతా బదిలీ అవుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ బ్యాంకుల్లో చేరినవాళ్లూ ఎన్‌పీఎస్‌లోనే ఉన్నారు కాబట్టి గ్రూప్స్ నుంచి పీవోకు మారినా ఇదే పద్ధతి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 30,000. పది శాతం చొప్పున మీది 3,000, ప్రభుత్వానిది 3,000. నాలుగేళ్లకు 2.88 లక్షలు. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే (ఇది హామీ కాదు, లెక్క కోసమే) 30 ఏళ్లకు దాదాపు 29 లక్షలు. బైకు కోసం తీసేస్తే పోయేది 2.88 లక్షలు కాదు, ఈ 29 లక్షలు.

ఈపీఎఫ్ వాళ్లకు పదేళ్ల గీత

ప్రైవేటు నిర్మాణ సంస్థల్లో, ఈపీఎఫ్ అమలయ్యే ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసేవాళ్లది వేరే లెక్క. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను పథకానికి వెళ్తుంది. 15,000 వేతన పరిమితి ప్రకారం అది నెలకు 1,250 రూపాయలు. మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు నెలనెలా పింఛను. సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 మీద పదేళ్లకు వచ్చేది నెలకు సుమారు 2,142. పెద్ద మొత్తం కాదు నిజమే. కానీ తొమ్మిదేళ్ల దగ్గర ఆగితే నెలనెలా పింఛనే ఉండదు.

కంపెనీ మారినప్పుడు పాత యూఏఎన్‌నే ఇచ్చి, ఫారం-13తో బదిలీ చేయించుకుంటే పాత ఏళ్లు కలుస్తాయి. పదేళ్లు నిండకుండా బయటికొస్తే ఫారం 10సీలో రెండు దారులుంటాయి. ఒకటి, పింఛను డబ్బు తీసేసుకోవడం. రెండు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం. మళ్లీ ఈపీఎఫ్ ఉన్న ఉద్యోగంలోకి వచ్చే అవకాశముంటే రెండోదే మేలు. మీరు పనిచేసిన ఏళ్లు అందులో భద్రంగా ఉంటాయి.

రిలీవ్ అయ్యే ముందు ఇవి చూసుకోండి

* శాఖ ద్వారా పంపిన దరఖాస్తు కాపీ, ఎన్‌వోసీ లేదా చేరగానే రాసిచ్చిన సమాచార లేఖ. దానిపై కార్యాలయం స్టాంపు, తేదీ తప్పనిసరి.
* కొత్త పోస్టు పేరుతో రాజీనామా ఆమోద ఉత్తర్వు.
* రిలీవ్ అయిన తేదీకి, కొత్తచోట చేరిన తేదీకి మధ్య నిబంధనలు అనుమతించిన గడువు దాటకూడదు.
* సర్వీసు రిజిస్టరులో ఈ వివరాలన్నీ నమోదయ్యాయా? ఆ పేజీల జిరాక్స్ తీసుకోండి.
* ప్రాన్ లేదా యూఏఎన్‌లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా బదిలీ ఆగిపోవచ్చు.
* కేంద్ర ఉద్యోగంలో కొత్తగా చేరితే యూపీఎస్ కావాలో వద్దో 30 రోజుల్లో తేల్చుకోవాలి.

ఆఫర్ లెటర్ రాగానే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకోండి, స్వీట్లు పంచండి. పాత ఆఫీసుకు ఇచ్చే లేఖను మాత్రం ఒకటికి రెండుసార్లు చదివి సంతకం చేయండి. ముప్పై ఏళ్ల తర్వాత మీ పింఛను ఫైలు తెరిచే గుమస్తాకు మీరెవరో తెలియదు. అందులో ఉన్న కాగితమే మీ తరఫున మాట్లాడాలి.