పరాయి పిల్ల

గౌతమి మీది వంతెన దాటి జొన్నాడ వైపునుంచి వచ్చే బాటసారిని రావులపాలెంలో ముందుగా పలకరించేవి అరటిగెలలు. కోనసీమకు ముఖద్వారమైన యీ ఊళ్లోనే గాక, ఆ వెనుకనున్న పల్లెలలో సైతం, బడి విడిచే వేళకు మరొక సరకు ఒక్కొక్కప్పుడు ప్రత్యక్షమవుతుంది. అది సైకిలు వెనుక కట్టిన గంప. గంపనిండా ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు పులిమిన కోడిపిల్లలు కిచకిచలాడుతూ వుంటవి. చిరుతిండికని దాచుకున్న డబ్బుతో ఒక బాలుడు ఎర్రపిల్లను కొని, చొక్కాలో దాచుకొని ఇంటికి తెస్తాడు. ఇంట్లో పెరటి గంప కింద నాటుకోడి ఎనిమిది పిల్లలతో వున్నది. తొమ్మిదవదిగా దీనిని గంప కిందికి వదులుతాడు. తల్లికోడి తేరిపార చూసి, నెత్తిమీద ఒక్క పోటు పొడుస్తుంది. హడలిపోయి బాలుడు దానిని తీసి అట్టపెట్టెలో గుడ్డపేలిక పరచి పడుకోబెడతాడు. తెల్లవారేసరికి పిల్ల కొయ్యబారి వుంటుంది. బాలుడు ఏడుస్తాడు. పెద్దలు “దాని ఆయుష్షు అంతేలే నాయనా” అంటారు.

ఓదార్పుగా బాగానే వున్నది గాని, ఆ మాట నిజం కాదు. ఆ పిల్ల ఆయుష్షు తీరి చావలేదు. చలికి చచ్చినది.

రంగుపిల్లల పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే సంగతి సుబోధమవుతుంది. తణుకు, అనపర్తి ప్రాంతాలు గుడ్ల కోళ్ల పెంపకానికి పేరుపడ్డవి. ఆ పరిశ్రమకు కావలసినవి పెట్టలు మాత్రమే. గుడ్ల జాతిలో పుట్టిన పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి తగినట్టు త్వరగా ఒళ్లు చేయదు. కాబట్టి పొదిగించే కేంద్రాలు వాటిని పుట్టిన రోజుననే ఏరి పారవేస్తవి. అట్లా పారవేసిన వాటిలో కొన్నిటికి రంగులు అద్ది వీధుల్లో అమ్ముతారు. తల్లి ముఖమెరుగని ఒకటి రెండు రోజుల పసికూన అది. కాని కొన్ననాడు మాత్రం మహా చురుకుగా వుంటుంది. దానికి కారణం కలదు. గుడ్డు చిట్లించుకొని రావటానికి కొంచెం ముందుగా పిల్ల మిగిలిన పచ్చసొనను తన పొట్టలోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజుల వరకు ఆ సద్దిమూటే దానికి ఆధారం. పెట్టెలలో దూరప్రయాణాలు చేయగలుగుతున్నది కూడా దానివల్లనే. మూట ఖాళీ అయ్యేనాటికి అమ్మినవాడు మరొక ఊళ్లో వుంటాడు.

తిండి సంగతి అటుంచి, వేడి మాట చూడవలె. కోడి శరీరంలోని వేడి దాదాపు 41 డిగ్రీల సెంటిగ్రేడు. పసిపిల్లకు ఆ వేడిని తనంతట తాను నిలుపుకొనే శక్తి యింకా రాదు. ఒంటిమీది నూగు చూడటానికి ముద్దే గాని చలి ఆపలేదు. అసలు ఈకలు వచ్చేదాకా, అనగా మూడు నాలుగు వారాలు, తల్లి రెక్కలే దానికి ఇల్లు. ఎండకాలపు రాత్రి మనకు ఉక్కగా వున్నదని తనకూ అట్లాగే వుంటుందనుకొని పిల్లను పెట్టెలో వదలటం పొరపాటు. వానకాలపు ముసురులోనైతే చెప్పనే అక్కరలేదు.

మరి తల్లికోడి ఎందుకు పొడిచింది? పెట్టకు లెక్కలు రావుగాని పిల్లలు వచ్చును. పొదిగిన రెండు మూడు రోజులలోపల తన వాటి గొంతు, రూపు, నడక దానికి పట్టుబడతవి. ఆ తరువాత వచ్చినది పరాయిదే. ఈ గడువులోపల, చీకటి పడిన తరువాత, అదే వయస్సు పిల్లను వెనుకనుంచి మెల్లగా రెక్కకిందికి జరిపితే చాలా పెట్టలు కిమ్మనవు. కోడికి రాత్రి చూపు తక్కువ. తెల్లవారి లేచేసరికి రెక్కకింద వున్నవన్నీ తనవే. పల్లెటూళ్లలో పెద్దలు చదువులేకుండానే నేర్చిన ఉపాయమిది. అయితే తెల్లవారగానే ఒకరు దగ్గర కూర్చుని చూడవలె. రంగు మరీ వేరైనదాన్ని వెలుతురులో గుర్తుపట్టి తరిమే పెట్టలూ లేకపోలేదు. తరిమితే వెంటనే తీసివేయవలసినదే గాని, అలవాటు పడుతుందిలే అని వదలరాదు.

ఇందులో మరొక సగం కలదు. దానినే ఎక్కువమంది మరచిపోతారు. తల్లి పిల్లను ఒప్పుకొంటే చాలదు, పిల్ల కూడా తల్లిని ఒప్పుకోవలె. 1873లో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు గుడ్డులోనుంచి బయటపడుతున్న పిల్లల కళ్లకు చిన్న ముసుగులు తగిలించి, వేరువేరు రోజులలో విప్పి చూశాడు. రెండు మూడు రోజులలోపల ముసుగు తీసిన పిల్లలు ఎదుట కనబడిన మనిషినే తల్లిగా నమ్మి వెంట నడిచినవి. నాలుగవ రోజు సమీపించేదాకా ముసుగుతో వుంచినవి అదే మనిషిని చూసి ప్రాణభయంతో పారిపోయినవి. తరువాత 1935లో కొన్రాడ్ లోరెంజ్ ఈ తొలిముద్ర విషయాన్ని విస్తారంగా చర్చించి, లోకప్రసిద్ధం చేశాడు. పెట్టెలో అయిదారు రోజులు పెరిగిన ఎర్రపిల్ల తల్లికోడి ‘క్లుక్ క్లుక్’ పిలుపు విని రెక్కకిందికి దూరదు సరిగదా, ఆ పెద్ద ఆకారాన్ని చూసి మూలకు పరుగెత్తుతుంది. పిలిచేవారెవరో దానికి తెలియదు.

కోనసీమ కాలువగట్ల మీద ఇందుకు తలకిందులైన వినోదం ఒకటి కనబడుతుంది. కోడికింద బాతుగుడ్లు పొదగేస్తారు. ఇరవయ్యొక్క రోజులకు బదులు ఇరవయ్యెనిమిది రోజులు ఓపికగా కూర్చుని, పుట్టినవాటిని తన పిల్లలనే ఆ పెట్ట తిప్పుతుంది. ఒకనాడు అవన్నీ ఒక్కుమ్మడిగా కాలువలోకి దిగుతవి. గట్టుమీద ఆ తల్లి పడే ఆరాటం చూసినవారికి నవ్వు, జాలి ఒక్కసారే కలుగుతవి.

పొదుగుకోడి లేని ఇంట, లేదా గడువు దాటిన పిల్ల విషయంలో, మనిషి కల్పించే వేడిగూడే శరణ్యం. ఇంగ్లీషు మాటనే తీసుకొని మన రైతులు దీనిని బ్రూడరు అంటారు. తల్లి లేకుండా పొదిగించటం ఐగుప్తువారి ప్రాచీన విద్య. ఫ్రాన్సులో ఉష్ణమానాన్ని తయారుచేసిన రెయోమూర్ పండితుడు ఆ విద్యను పరిశీలించి, పిల్లలను పొదిగించి పెంచే విధానం మీద 1749లో గ్రంథమే ప్రకటించాడు. రావులపాలెం పెరటికి అంత పాండిత్యం అక్కరలేదు. అడుగున్నర ఎత్తున వెదురు తడికనో, గట్టి అట్టనో గుండ్రంగా చుట్టవలె. మూలలు వుండరాదు. చలి వేసినా బెదరినా పిల్లలు మూలకు చేరి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, కిందివి ఊపిరాడక చస్తవి. నేలమీద రెండంగుళాల మందాన పొడి ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు పైన కాగితం పరచవలె. లేకపోతే తిండికీ ఊకకూ భేదం తెలియక ఊకనే మింగుతవి. ముందు గోరువెచ్చని నీరు, అందులో చిటికెడు బెల్లం. ముక్కు ఒకసారి నీట ముంచి చూపితే తాగటం నేరుస్తవి. తరువాత కాగితం మీద సన్నని నూకలు, నలిపిన మొక్కజొన్న చల్లవలె.

వేడికి బల్బు వేలాడదీస్తారు. పిల్లకు రెండు వాట్ల లెక్క. ఇప్పటి ఇళ్లలోని ఎల్.ఇ.డి. దీపం ఇందుకు బొత్తిగా పనికిరాదు, అది వెలుతురే గాని వేడి ఇవ్వదు. పాతకాలపు తీగె బల్బు కావలె. పిల్లలు నిలిచే చోట మొదటి వారం 35 డిగ్రీలు వుండి, వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గాలని శాస్త్రం. ఉష్ణమానం లేనివారు చింతించనక్కరలేదు. పిల్లలే ఉష్ణమానాలు. దీపం కింద ముద్దగా మూగితే చలి. ముక్కులు తెరచి తడిక అంచులకు పోతే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్కనుంచి ఈదరగాలి వస్తున్నది. చెదురుగా పడుకొని, కొన్ని తింటూ, కొన్ని నిద్రిస్తూ వుంటే అంతా సవ్యంగా వున్నట్టే. కరెంటు పోయిన రాత్రి వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టటం మేలు. కుంపటి పెడితే పొగ చేటు. ఒంటరిపిల్ల ఎంత వెచ్చగా వున్నా అరుస్తూనే వుంటుంది గనుక, జంటకు మరొకటి వుండటం మంచిది.

ఇట్లా పెరిగిన పిల్లను పెరటి మందలో కలపటం చివరి ఘట్టం. తొందరపడి చెడగొట్టేవారు ఇక్కడే ఎక్కువ. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చునో ఒక వరుస వున్నదని 1922లో ప్రకటించిన నార్వే దేశీయుడు షెల్డెరప్ ఎబ్బే ఆ సంగతిని పసితనంనుంచే పెరటికోళ్లను చూస్తూ కనిపెట్టాడు. మన బడిపిల్లలు గమనించదగిన విశేషమిది. కొత్తగా వచ్చినది ఆ వరుసలో అన్నిటికన్న అడుగున నిలబడవలసి వుంటుంది. కొద్ది వారాల వయస్సు వచ్చేదాకా పసిపిల్లల్లో ఆ తారతమ్యం స్థిరపడదు గనుక, ఈడుపిల్లలను త్వరగా కలిపితే గొడవ తక్కువ. పెద్దవాటిలో కలపదలిస్తే, ముందు కొన్నాళ్లు విడిగా వుంచి రోగం రొష్టు లేదని చూడవలె. కొక్కెర తెగులు ఒక్క పిల్లతో ప్రవేశించి పెరడంతా ఊడ్చగలదు. టీకా చుక్క సంగతి పశువైద్యశాలలో అడగవచ్చును. తరువాత కొన్నాళ్లు తడిక అడ్డంపెట్టి ఒకదానికొకటి కనబడేటట్టు, అందకుండేటట్టు వుంచి, పిమ్మట తడిక తీసి, రెండు మూడు చోట్ల మేత చల్లవలె. ఒక్కచోట చల్లితే కొత్తదానికి ముద్ద దక్కదు.

హైదరాబాదు రాజేంద్రనగరులోని కుక్కుట పరిశోధన కేంద్రంవారు పెరటి పెంపకానికై రూపొందించిన వనరాజా జాతిని సైతం ఆరు వారాలు నర్సరీలో సాకిన తరువాతనే పెరట్లోకి వదలమంటారు. అటువంటి జాతికే అంత కాపుదల కావలసివస్తే, పారవేయగా మిగిలిన ఎర్రపిల్ల గురించి చెప్పేదేమున్నది? కాని ఆ ఆరు వారాలు గడిపిన పిల్లకు రంగుపులిమిన నూగంతా రాలి, తెల్లని ఈకలు వస్తవి. కొన్న బాలుడికి తప్ప అది ఎర్రపిల్ల అని ఎవరికీ తెలియదు. పుంజై కూతకు వచ్చిన తరువాత కూడా, అంత సన్నని తెల్లపుంజును సంక్రాంతి బరిలోకి దింపటానికి ఎవరూ అడగరు. దానికదొక లాభం.