జేబులో దొరికిన జెట్

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ 1957 నుండి 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్, బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాకు రూపాంతరం. మా నాన్నగారి అంబాసిడర్ విజయనగరంలో మా పెరటి రేకులషెడ్డులో ఏళ్ల తరబడి తుప్పు పట్టింది. గత వేసవి సెలవులలో దానిని బాగుచేయడానికి పదకొండేళ్ల మా అబ్బాయి నాకు తోడయ్యాడు. గరుకు కాగితంతో తుప్పు గీకేవాడు. విప్పిన నట్లను సీసాలలో వేసి చీటీలు అంటించేవాడు. ఆ క్రమశిక్షణ నాకు లేదు.

ఒకనాడు కార్బ్యురేటర్ జెట్ కనిపించలేదు. వాడే పోగొట్టాడని కసిరాను. వాడు మారుపలుకలేదు. అస్ర్ నమాజుకు వుజూ చేయబోతూ చేతులు మడుస్తుండగా అది నా జేబులోనే తగిలింది. విద్యార్థులకు ఓర్పును బోధించే నేను, కన్నకొడుకు ఎదుట నిలిచి క్షమాపణ కోరాను.

"ఫర్వాలేదు అబ్బా, ముందు కడిగి ఇవ్వండి" అన్నాడు. పెట్రోలుతో కడిగి ఇస్తే, వెలుతురుకు ఎదురుగా పట్టి, ఆ సన్నని రంధ్రంలోకి ఒంటికంటితో చూశాడు.

"ఇంకా ఏదో అడ్డు ఉంది" అని తిరిగి నా చేతికే ఇచ్చాడు.