రంగు కింది పని

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. ఎడమ పక్క సందులోంచి దూరబోయిన ఆటో వెనక తలుపును రాసుకుంటూ వచ్చి బంపర్ మూలకు తగిలింది. దిగి చూస్తే తలుపు మీద అరచేయంత సొట్ట, దాని పక్కనే మూరెడు గీత, బంపర్‌కు పగులు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక హారన్లు మోగుతుండడంతో వాదన కూడా రెండు నిమిషాల్లో ముగిసింది. అసలు కథ మర్నాడు మొదలవుతుంది. షోరూమ్‌లో ఒక అంకె చెబుతారు. ఆటోనగర్‌లో అందులో సగం చెబుతారు. వీధి చివరి షెడ్డులో దానికీ సగమే తీసుకుని సాయంత్రానికల్లా బండి అప్పగిస్తామంటారు. ముగ్గురూ వేసేది ఆ రంగే కదా, ఇంత తేడా ఎందుకని యజమాని తల పట్టుకుంటాడు.

తేడా అంతా రంగు కింద ఉంటుంది.

తలుపు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, సుమారు 0.7. దెబ్బ తగిలినచోట రేకు లోపలికి వంగుతుంది, వంగడంతోపాటు సాగుతుంది. సాగిన రేకును తిరిగి తన చోటికి రప్పించడమే టింకరింగ్ మేస్త్రీ విద్య. మంచి పనివాడు ముందు లోపలి డోర్ ప్యాడ్ విప్పుతాడు. వెనకనుంచి చెయ్యి దూరితే ఇనప దిమ్మె ఆనించి, బయటినుంచి చిన్న సుత్తితో టకటకమని కొడుతూ పోతాడు. పెద్ద దెబ్బ ఒక్కటీ ఉండదు. నాలుగు దెబ్బలకోసారి ఆగి అరచేత్తో తడిమి చూస్తాడు. కంటికి ఆనని మిట్టపల్లాలు చేతికి తెలుస్తాయి. కొందరు పలచటి గుడ్డ అడ్డం పెట్టి మరీ తడుముతారు, అప్పుడు ఇంకా బాగా తెలుస్తుందట. చెయ్యి దూరని చోట చిన్న చిన్న వాషర్లను రేకుకు వెల్డింగ్‌తో అతికించి, కొక్కెం తగిలించి బయటికి లాగుతారు. ఎంత చేసినా కొద్దిపాటి పల్లం మిగులుతుంది. దాన్ని లప్పంతో నింపుతారు.

చవక పని దొంగదారి పట్టేది ఇక్కడే. లాగే శ్రమ మానేసి, పల్లమంతా లప్పంతో మెత్తేస్తే సాయంత్రానికి బండి ఇచ్చేయొచ్చు. రెండు, మూడు మిల్లీమీటర్లు దాటిన లప్పం ఎండకీ, రోడ్డు అదురుకీ ఏదో ఒకనాడు పగులుతుంది. పైగా అది నీటిని పీల్చుకునే రకం. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. నీళ్లు పోసి రుద్దేసి, సరిగా ఆరకుండానే పైన రంగు కొడితే లోపల తేమ చిక్కుకుపోతుంది. తర్వాత ఎప్పుడో రంగు బొబ్బలెక్కుతుంది, అడుగున రేకు తుప్పు పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నమాట. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపు మీద ఆనిస్తే సంగతి కొంత బయటపడుతుంది. లప్పం దిట్టంగా ఉన్నచోట అది జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ మీదా, కొన్ని కార్లకుండే అల్యూమినియం బానెట్ మీదా ఈ పరీక్ష పనిచేయదు.

లప్పం ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి అంతకంతకూ మెత్తటి కాగితాలతో రుద్దుతారు. తర్వాత ప్రైమర్, మళ్లీ రుద్దుడు. అద్దాలకూ, రబ్బరు బీడింగులకూ కాగితం చుట్టి టేపు వేస్తారు. గన్ను పట్టుకుని రంగు కొట్టేది ఆ తర్వాతే. ఒక తలుపుకు ఒక పూత కొట్టడానికి కొన్ని నిమిషాలు చాలు. బిల్లులో పెద్ద అంకె పెయింటింగ్ పేరుతో కనిపిస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం ఈ రుద్దుళ్ల కూలీయే.

కార్ల కంపెనీలో వేసే రంగు సంగతి వేరు. అక్కడ సీట్లు, వైర్లు, టైర్లు ఏవీ బిగించకముందే ఉత్త బాడీని ప్రైమర్ తొట్టిలో నిలువునా ముంచి తీస్తారు. 140 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ప్లాస్టిక్, కరెంటు సామానుతో నిండిన కారును షెడ్డులో అంత వేడి చేయలేరు. అందుకని రంగులో హార్డెనర్ కలిపి, బూత్‌లో దాదాపు 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెడతారు. ఆ గది వేడికే కాదు, దుమ్మును ఆపడానికి కూడా. చెట్టు కింద కొట్టిన రంగులో ఎగిరొచ్చిన ఇసుక రేణువు, ఒక్కోసారి దోమ కూడా అలాగే అతుక్కుని ఉండిపోతాయి.

కంపెనీ పూతలన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లే ఉంటాయి. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే పూతలన్నీ కలిపి ఒకటి రెండు తల వెంట్రుకల మందం! అందులోనే తుప్పు ఆపే పూత, ప్రైమర్, రంగు, పైన మెరిసే క్లియర్ కోట్ అన్నీ సర్దుకుంటాయి. పాత కార్లు కొనేవాళ్లు మీటరు పెట్టి చూసేది ఈ మందాన్నే. 300, 400 చూపించిందంటే ఆ తలుపుకో కథ ఉన్నట్టే.

వడ్రంగులు బీరువాలకు వేసే మెరుపు రంగును మన ఊళ్లలో ఇప్పటికీ ‘డ్యూకో’ అంటారు. నిజానికి అది కారు రంగు పేరే. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన త్వరగా ఆరే రంగుకు పెట్టిన పేరది. అంతకుముందు ఒక్కో కారుకు రంగు పూర్తయ్యేసరికి వారాలు పట్టేది.

రంగు కలపడం మరో తలనొప్పి. ప్రతి కారుకూ ఒక కలర్ కోడ్ ఉంటుంది. తలుపు తీస్తే కనబడే పిల్లర్ మీదో, బానెట్ కిందో అతికించిన పలకపై చాలా బళ్లలో అది దొరుకుతుంది. కోడ్ సరిపోతే రంగు సరిపోయినట్టేనా? నాలుగేళ్లు ఎండలో నిలబడిన కారు రంగు డబ్బాలోని రంగుకు దూరం జరిగిపోయి ఉంటుంది. సాదా తెలుపుతో పెద్దగా బాధ లేదు. మెటాలిక్ సిల్వర్‌తోనే చిక్కంతా. అందులోని అల్యూమినియం పొలుసులు ఏ వాటున పడుకుంటే ఆ ఛాయ వస్తుంది. గన్ను నాలుగంగుళాలు ఎడంగా పట్టుకున్నా, గాలి ఒత్తిడి మారినా తేడా కొడుతుంది. అనుభవమున్న పెయింటర్ ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరాక కారు పక్కన పెట్టి చూసుకుంటాడు. పక్క తలుపు మీదికి కూడా రంగును పలచగా సాగదీసి, తేడా కంటికి చిక్కకుండా కలిపేస్తాడు. బాగున్న తలుపుకు కూడా రంగెందుకని యజమాని గొడవపడేది అప్పుడే. ఆ గొడవలో న్యాయం పెయింటర్ వైపే ఉంటుంది.

ఆ పెయింటర్ ముక్కుకు చాలాచోట్ల కట్టుకునేది చేతిరుమాలు. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ల ఆవిరి పీలిస్తే ఆస్తమా రావచ్చు. రుమాలు దాన్ని ఆపలేదు. తక్కువ రేటుకు చేసే షెడ్డులో తగ్గించిన ఖర్చుల్లో సరైన మాస్కు కూడా ఒకటి.

అన్ని గీతలకూ ఇంత తతంగం అక్కర్లేదు. గోటితో అడ్డంగా గీసినప్పుడు గోరు తట్టుకోకపోతే ఆ గీత క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. కంపౌండ్ పెట్టి పాలిష్ పడితే పోతుంది. రంగు చెదరకుండా పడిన గుండ్రటి సొట్టనైతే లోపలినుంచి కడ్డీలతో మెల్లగా నెట్టి, రంగు అక్కర్లేకుండానే తీసేవాళ్లున్నారు.

బంపర్ పగిలితే మాత్రం పైపైన చూసి ఊరుకోకూడదు. ఒకసారి విప్పించి చూడాలి. ప్లాస్టిక్ కాబట్టి లోపలికి పోయి మళ్లీ ఉబికి వస్తుంది. వెనకున్న క్లిప్పులు, బ్రాకెట్లు విరిగిన సంగతి దాచేస్తుంది. బంపర్ వెనక రాడార్ ఉన్న కొత్త కార్లలో దాని ఎదురుగా లప్పం, దళసరి రంగు ఉంటే అది సరిగ్గా చూడలేదు.

ఇక బీమా. ఎదుటి వాడి తప్పయితే వాడి థర్డ్ పార్టీ పాలసీ మీద నష్టం రాబట్టొచ్చు గానీ దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లాలి. సొట్ట కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు. మిగిలేది సొంత పాలసీ. అక్కడ లెక్క ఇలా ఉంటుంది. నాలుగో ఏడు నడుస్తున్న, 1500 సీసీలోపు కారు అనుకుందాం. కొత్త బంపర్ 6,000, పెయింటింగ్ 8,000, కూలీ 2,000, మొత్తం 16,000 రూపాయల బిల్లు. ప్లాస్టిక్ సామానుపై తరుగు 50 శాతం, అంటే 3,000. పెయింటింగ్ బిల్లులో పావు వంతును సామగ్రిగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అది 1,000. తప్పనిసరి కోత ఇంకో 1,000. చేతినుంచి 5,000 పోగా కంపెనీ ఇచ్చేది 11,000.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఏ క్లెయిమూ లేకుండా నాలుగేళ్లు గడిపితే దక్కే 45 శాతం నో క్లెయిమ్ బోనస్ ఈ ఒక్క క్లెయిముతో సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35 అంటూ మొదటినుంచి ఎక్కాలి. సొంత నష్టం ప్రీమియం ఏడాదికి 12,000 అనుకుంటే మొదటి ఏడే పోయేది 5,400. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గినా, ఐదేళ్లలో పోయే మొత్తం పన్నెండు వేలకు అటూ ఇటూగా తేలుతుంది. కంపెనీ ఇచ్చిన పదకొండు వేలు తిరిగి కంపెనీకే చేరాయి. తరుగు లేని బంపర్ టు బంపర్ పాలసీ ఉన్నా ఈ బోనస్ దెబ్బ తప్పదు, బోనస్‌ను కాపాడే అదనపు కవర్ కూడా తీసుకుంటే తప్ప. అదే బిల్లు 60,000 అయితే ఆలోచించక్కర్లేదు, క్లెయిమ్ చేయాల్సిందే. ఏ సంగతీ తేలకముందే ఫొటోలు తీసిపెట్టుకోవాలి. కంపెనీకి చెప్పకముందే బండి విప్పించకూడదు.

పని ఎక్కడ చేయించినా ఒకటి అడగొచ్చు. ప్రైమర్ కొట్టే ముందు ఒకసారి పిలవమని. అప్పటికి రేకెంతో, లప్పమెంతో బయటికే కనిపిస్తుంది. పిలవడానికి ఇష్టపడని షెడ్డులో బండి వదలకపోవడం మంచిది. డెలివరీ ట్యూబులైట్ కింద తీసుకోవద్దు. పగలు ఎండలోకి తెప్పించి, పదడుగుల దూరంలో రెండు మూడు వైపుల నుంచి చూడాలి. రబ్బరు బీడింగుల మీద రంగు తుంపర ఉందేమో వేలితో తడమాలి. ఇంటికొచ్చాక నెల రోజుల దాకా వ్యాక్స్, సిరామిక్ కోటింగ్ వద్దు. రంగు లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. పావురం రెట్ట పడితే మాత్రం ఆ పూటే నీళ్లతో కడిగేయండి.