అతివాహక అయస్కాంతాల నిర్మాణంలో మార్టిన్ విల్సన్ కృషి: ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అతివాహకతను 1911లో కనుగొన్నారు. దానితో నమ్మకంగా పనిచేసే అయస్కాంతాలు రావడానికి సుమారు అరవై ఏళ్లు పట్టింది. ఈ వ్యవధిని ముగించినవారిలో బ్రిటన్‌కు చెందిన మార్టిన్ విల్సన్ ఒకరు. ఆయన వృత్తిజీవితంలోని ప్రధానఘట్టాలను, వాటి వెనుక ఉన్న సాంకేతిక సమస్యలను, వాటిని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే పరిభాషాచిక్కును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అతివాహకత, క్రయోజెనిక్స్, ద్రవహీలియం, క్వెంచ్, రూథర్‌ఫర్డ్ కేబుల్, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పాఠకులకు ‘క్రయోజెనిక్’ అనే మాట శ్రీహరికోట రాకెట్ల వార్తల ద్వారా పరిచితమే. అక్కడ వాడే ద్రవ హైడ్రోజన్ సుమారు 20 కెల్విన్ వద్ద మరుగుతుంది. అతివాహక అయస్కాంతాలకు కావలసిన చలి అంతకంటే తీవ్రమైనది. ద్రవహీలియం మరిగే ఉష్ణోగ్రత 4.2 కెల్విన్, అంటే సున్నాకు దిగువన దాదాపు 269 డిగ్రీల సెల్సియస్.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ 1908లో హీలియాన్ని ద్రవీకరించాడు. 1911లో పాదరసం ఆ చలిలో విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోతుందని గమనించాడు. అతివాహక తీగచుట్టతో లక్ష గాస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని సృష్టించవచ్చని ఆయన ఆశించాడు. కానీ సీసం కొన్ని వందల గాస్‌లకే ఆ గుణాన్ని కోల్పోయింది. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో నియోబియం-టిన్ మిశ్రమం 8.8 టెస్లాల క్షేత్రంలోనూ అతివాహకంగా నిలవడంతో ఆ ఆశ మళ్లీ చిగురించింది. ఒక టెస్లా పదివేల గాస్‌లకు సమానం.

2. తీగలో సరిపోయింది, చుట్టలో సరిపోలేదు:

పదార్థం దొరికినంత మాత్రాన అయస్కాంతం తయారుకాలేదు. 1960లలో ఇంజనీర్లను వేధించిన సమస్య విచిత్రమైనది. చిన్న తీగముక్కను పరీక్షిస్తే ఎంతో విద్యుత్తును మోసేది. అదే తీగను వందల చుట్లుగా చుడితే అందులో కొంతభాగానికే అతివాహకత కుప్పకూలేది. లోపం పదార్థంలో ఉందా, చుట్టిన పద్ధతిలో ఉందా అన్నది తేలలేదు.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పీటర్ స్మిత్, మార్టిన్ విల్సన్ తదితరుల బృందం దీనికి సమాధానం వెదికింది. లావైన అతివాహకంలోకి అయస్కాంత క్షేత్రం అంచుల నుంచి కొద్దికొద్దిగా చొచ్చుకొస్తుంది. ఎక్కడైనా కాస్త వేడి పుడితే అక్కడ విద్యుత్తును మోసే శక్తి తగ్గుతుంది. దానితో క్షేత్రం మరికొంత లోపలికి వస్తుంది. ఆ కదలిక మరింత వేడిని పుట్టిస్తుంది. ఈ చక్రం ఒక దశ దాటితే ఆగదు. పైగా 4.2 కెల్విన్ వద్ద రాగి విశిష్టోష్ణం గది ఉష్ణోగ్రత వద్ద ఉన్నదానికంటే సుమారు నాలుగువేల రెట్లు తక్కువ. కాబట్టి మామూలుగా లెక్కలోకి రానంత స్వల్పమైన వేడి కూడా అక్కడ ప్రమాదమే.

అతివాహకాన్ని సన్నని పోగులుగా చీల్చడమే దీనికి పరిష్కారం. నియోబియం-టైటానియం పోగు వ్యాసం సుమారు 50 మైక్రోమీటర్ల లోపు ఉంటే ఈ విషచక్రం మొదలే కాదు. అయితే రాగిలో పొదిగిన పోగులు, క్షేత్రం మారుతున్నప్పుడు, రాగి ద్వారా ఒకదానితో ఒకటి కలిసిపోయి మళ్లీ ఒకే లావు తీగలా ప్రవర్తిస్తాయి. దీన్ని నివారించడానికి తీగను మెలిపెట్టాలి. ఈ సిద్ధాంతాన్ని, ప్రయోగఫలితాలను కలిపి విల్సన్ బృందం 1970లో వెలువరించిన పత్రం ఈ రంగంలో మూలగ్రంథం వంటిది. తాడు పేనేవారికి మెలిక విలువ ఎప్పటినుంచో తెలుసు; ఇక్కడ మెలిక బలం కోసం కాదు, పోగులను విద్యుత్పరంగా విడదీయడం కోసం.

తరువాతి మెట్టు కేబుల్. వేల ఆంపియర్లకు ఒక తీగ చాలదు. అనేక తీగలు కావాలి, ప్రతి తీగా కేబుల్‌లోని అన్ని స్థానాలగుండా సాగాలి. 1970ల తొలినాళ్లలో రూథర్‌ఫర్డ్‌లో రూపొందిన బల్లపరుపు కేబుల్ ఈ పని చేసింది. తీగలను మెలితిప్పి రోలర్ల మధ్య అదిమితే పోగులు దెబ్బతినకుండానే కేబుల్ గట్టిపడుతుంది. ఒక అంచును కాస్త పలుచన చేస్తే, కమాను రాళ్లలాగా, కణాలు ప్రయాణించే గొట్టం చుట్టూ ఒదుగుతుంది. అమెరికాలోని టెవట్రాన్, జర్మనీలోని హెరా, జెనీవా వద్ద ఉన్న ఎల్‌హెచ్‌సీ, అన్నింటిలోనూ ఉన్నది ఈ కేబులే. దాని పేరులో ప్రయోగశాల ఉంది. ఏ ఇంజనీరూ లేడు.

3. ‘క్వెంచ్’ - ఒక పరిభాషాచిక్కు:

అయస్కాంతం అతివాహకతను హఠాత్తుగా కోల్పోవడాన్ని ఇంగ్లీషులో క్వెంచ్ అంటారు. నిఘంటువుల ప్రకారం దీనికి ‘ఆర్పడం’, ‘చల్లార్చడం’ అనే అర్థాలున్నాయి. కమ్మరి కాలిన ఇనుమును నీటిలో ముంచడాన్ని కూడా అదే మాట సూచిస్తుంది. అయస్కాంతంలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఆరేది అతివాహకత, ఉష్ణోగ్రత పెరుగుతుంది. ‘చల్లార్చు’ అని అనువదిస్తే విద్యార్థికి విషయం తలకిందులవుతుంది. ‘అతివాహకతాభంగం’ అర్థపరంగా సరైనదే గాని వాడుకకు బరువు. క్వెంచ్ అనే మాటనే ఉంచి, మొదటిసారి వివరించడమే మేలు.

క్వెంచ్ సమయంలో అయస్కాంతంలో నిలువ ఉన్న శక్తి అంతా ఒక్కచోటే వేడిగా మారితే తీగ కరిగిపోతుంది. ఎల్‌హెచ్‌సీలోని ఒక్కొక్క ద్విధ్రువ అయస్కాంతంలో పూర్తిస్థాయిలో సుమారు 70 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. క్వెంచ్ ఎంత వేగంగా వ్యాపిస్తుందో, ఎంత వేడి పుడుతుందో లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామును విల్సన్ 1968లోనే రాశాడు. అయస్కాంతాన్ని కాపాడే సూత్రం సరళం: క్వెంచ్ మొదలైందని గుర్తించగానే అయస్కాంతం మొత్తాన్నీ కావాలనే వేడిచేస్తే శక్తి అంతటా పరుచుకుంటుంది. ఎల్‌హెచ్‌సీకి కావలసిన ఇటువంటి హీటర్ల విద్యుత్ సరఫరా పరికరాలను భారత అణుశక్తి విభాగం సమకూర్చింది.

2008 సెప్టెంబర్ 19న ఎల్‌హెచ్‌సీలో జరిగిన ప్రమాదాన్ని ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 1232 ద్విధ్రువ అయస్కాంతాలు గల ఆ యంత్రంలో విఫలమైనది తీగచుట్ట కాదు. రెండు అయస్కాంతాల మధ్య ఉన్న ఒక అతుకు. దాని నిరోధం సుమారు 220 నానో-ఓమ్‌లని తరువాత అంచనా వేశారు. అంత స్వల్ప నిరోధమే విద్యుత్ చాపానికి దారితీసింది. సుమారు ఆరు టన్నుల హీలియం బయటికి పోయింది. 53 అయస్కాంతాలను సొరంగం నుంచి పైకి తీయవలసి వచ్చింది. పోగుల స్థాయిలో సమస్యను సాధించిన సాంకేతికత అతుకు దగ్గర ఓడిపోయింది.

4. గ్రంథం, పరిశ్రమ:

విల్సన్ 1983లో ‘సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్స్’ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. అయస్కాంత ఇంజనీర్లకు అది నేటికీ ప్రధానపాఠ్యం. నిరూపణలకంటే అంచనాలకు, సుమారు లెక్కలకు ప్రాధాన్యం ఇవ్వడం దాని ప్రత్యేకత. ద్రవహీలియంలోకి ఒక వాటు వేడి చేరితే గంటకు సుమారు 1.4 లీటర్లు ఆవిరవుతుంది. ఆ వాటు వేడిని బయటికి తోడటానికి ఆదర్శ యంత్రానికైనా 70 వాట్లు కావాలి. వాస్తవ యంత్రాలకు అంతకు ఎన్నో రెట్లు. ఇటువంటి అంకెలు నోటికి రాని ఇంజనీరు ఈ రంగంలో అడుగు వేయలేడు.

అనంతరం ఆయన ఆక్స్‌ఫర్డ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పనిచేశాడు. అక్కడ హీలియోస్ అనే చిన్న సింక్రోట్రాన్ నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 4.5 టెస్లాల అతివాహక అయస్కాంతాలు రెండింటితో 70 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లను తిప్పి ఎక్స్-కిరణాలను వెలువరించే యంత్రమిది. సిలికాన్ చిప్‌లపై సన్నని గీతలను ముద్రించడానికి ఐబీఎం దీన్ని కొన్నది. 1991లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇది పని ప్రారంభించింది. యంత్రం సమర్థంగానే నడిచింది. కానీ చిప్ పరిశ్రమ ఎక్స్-కిరణాలను వదిలి, కాంతితో ముద్రించే పాత పద్ధతినే మెరుగుపరుచుకుంటూ ముందుకు సాగింది. రెండవ హీలియోస్ సింగపూర్‌కు చేరి, విశ్వవిద్యాలయ పరిశోధకుల చేతుల్లో కాంతిజనకంగా పనిచేసింది.