పీసీ తరచూ హ్యాంగ్ అవుతోందా? పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్‌ని ఇలా టెస్ట్ చేయండి!

గేమ్ మధ్యలో పీసీ రీస్టార్ట్ అవుతోంది, లేదంటే బ్లూ స్క్రీన్ వస్తోంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే కథ. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, ప్రాసెసర్‌దా అన్నది తేలకుండా రిపేర్‌కి ఇస్తే చేతిచమురు వదలడం ఖాయం. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకీ ఇదే భయం. ఈ అనుమానాన్ని చాలావరకు తీర్చేదే బూటబుల్ పెన్‌డ్రైవ్ నుంచి చేసే స్ట్రెస్ టెస్ట్.

పెన్‌డ్రైవ్ నుంచే ఎందుకు?

విండోస్‌లో టెస్ట్ చేస్తుండగా సిస్టమ్ ఆగిపోతే డ్రైవర్, యాంటీవైరస్, ఎస్‌ఎస్‌డీ... దేన్నైనా అనుమానించొచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేస్తే అవన్నీ పక్కకి పోతాయి. లోపలి డ్రైవ్‌లోని ఫైళ్ల జోలికి వెళ్లక్కర్లేదు, పాత ఓనర్ పాస్‌వర్డ్‌తోనూ పనిలేదు.

ఏమేం కావాలి?

* 16 జీబీ పెన్‌డ్రైవ్ (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ చేసుకోండి)
* ఉబుంటు ఐఎస్ఓ ఫైల్
* దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ లేదా బలేనా ఎచర్

ఎలా చేయాలి?

1. పెన్‌డ్రైవ్ పెట్టి పీసీ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

2. ఉబుంటు రాగానే 'ట్రై ఉబుంటు' ఎంచుకోండి. పొరపాటున కూడా 'ఇన్‌స్టాల్' నొక్కొద్దు.

3. వైఫై కనెక్ట్ చేసి, మెర్సెన్ డాట్ ఆర్గ్ సైట్ నుంచి లైనక్స్ ప్రైమ్95 డౌన్‌లోడ్ చేయండి. లైనక్స్‌లో దీని పేరు ఎంప్రైమ్. పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి 1996లో మొదలైన గింప్స్ ప్రాజెక్ట్ ప్రోగ్రామ్ ఇది.

4. ఫైల్‌ని ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఆ ఫోల్డర్‌లోనే టెర్మినల్ తెరిచి ఎంప్రైమ్ రన్ చేయండి. గింప్స్‌లో చేరతారా అని అడిగితే 'నో' అనండి. టార్చర్ టెస్ట్ ఆప్షన్లు వస్తాయి.

5. ముందు 'స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ' ఎంచుకోండి. ఇది ఎక్కువగా ప్రాసెసర్ మీదే భారం వేసి బాగా వేడెక్కిస్తుంది. తర్వాత 'బ్లెండ్' నడపండి, అది ర్యామ్‌నీ కలిపి పరీక్షిస్తుంది.

ఇంకో టెర్మినల్‌లో ఎల్ఎం-సెన్సర్స్ ఇన్‌స్టాల్ చేసుకుంటే టెంపరేచర్ చూస్తూ ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌ని మంచం మీద కాకుండా టేబుల్ మీద, ఛార్జర్ పెట్టి ఉంచండి. కూలింగ్ ఎలా ఉందో 20 నిమిషాల్లో అర్థమవుతుంది. స్టెబిలిటీ తేలాలంటే కొన్ని గంటలు నడపాలి.

రిజల్ట్ ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రోగ్రామ్‌కి సరైన జవాబు ముందే తెలుసు. ప్రాసెసర్ లెక్క తప్పితే వెంటనే ఎర్రర్ చూపిస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా 'పర్లేదులే' అనుకోకండి.

* ఎర్రర్ వస్తే: ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్, ఎక్స్ఎంపీ ఉంటే తీసేసి, బయోస్‌ని డీఫాల్ట్‌కి తెచ్చి మళ్లీ టెస్ట్ చేయండి. అప్పుడు రాకపోతే తప్పు సెట్టింగ్స్‌దే.
* బ్లెండ్‌లో మాత్రమే వస్తే: ముందు ర్యామ్‌ని అనుమానించండి. మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో చెక్ చేయండి.
* సడన్‌గా ఆఫ్ అయిపోతే: ఓవర్‌హీటింగ్ లేదా ఎస్ఎంపీఎస్ సమస్య కావొచ్చు.
* 95-100 డిగ్రీలకి చేరి స్పీడ్ పడిపోతే: దుమ్ము పట్టిన ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కారణం కావొచ్చు. అయితే పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఇంత భారం మీద ఇది మామూలే.
* అన్నీ పాసై, విండోస్‌లోనే హ్యాంగ్ అయితే: డ్రైవర్లు, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డ్ వైపు చూడండి. ఈ టెస్ట్ గ్రాఫిక్స్‌ని పరీక్షించదు.

ఇవి మర్చిపోవద్దు

పాస్ అయినంత మాత్రాన ప్రాసెసర్‌కి నూటికి నూరు పాళ్లు క్లీన్ చిట్ ఇచ్చినట్టు కాదు. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తే క్లాక్ స్పీడ్ కాస్త తగ్గుతుంది. ఒకటి రెండు కోర్లు గరిష్ఠ బూస్ట్‌కి వెళ్లినప్పుడు మాత్రమే వచ్చే తప్పు అందులో దొరక్కపోవచ్చు. అందుకే ఒక్క కోర్‌తోనూ ఓసారి నడపండి. ముఖ్యంగా ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లు. వీటిలో కొన్ని మోడళ్లలో అధిక వోల్టేజ్ సమస్య ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని 2 ఏళ్లు పెంచింది. అప్‌డేట్ కొత్తగా దెబ్బతినకుండా కాపాడుతుందే తప్ప, ఇప్పటికే పాడైన చిప్‌ని బాగు చేయదు. కాబట్టి బయోస్ అప్‌డేట్ చేసినా ఎర్రర్లు వస్తుంటే వారంటీ క్లెయిమ్ చేయడమే మంచిది.

చివరగా, బూట్ కోసం సెక్యూర్ బూట్ ఆఫ్ చేయక్కర్లేదు, ఉబుంటు దానితోనే నడుస్తుంది. అది ఆఫ్ చేస్తే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ దగ్గర లేకపోతే మీ ఫైళ్లకే దారి మూసుకుపోతుంది. ముందుగానే కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి.