కాలేయంలో కొవ్వు - వంశపారంపర్యమా?

"వీడికి అచ్చం తాత ముక్కే వచ్చింది" అని పెద్దలు అంటూండగా మీరు వినే ఉంటారు. మరి ముక్కుతీరు వచ్చినట్లే జబ్బులు కూడా వస్తాయా? కాలేయంలో కొవ్వు చేరే జబ్బునే తీసుకుందాం.

పొట్టలో కుడివైపు, పక్కటెముకల చాటున ఉండే కాలేయం పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలోల బరువుంటుంది. ఆహారంలో ఖర్చు కాగా మిగిలిన చక్కెరను అది కొవ్వుగా మార్చి, రక్తం ద్వారా ఇతర భాగాలకు పంపుతుంది. రాబడి ఎక్కువై, పంపకం తక్కువైతే కొవ్వు బిందువులు కాలేయ కణాలలోనే పేరుకుంటాయి. కాలేయం బరువులో కొవ్వు 5 శాతం మించితే దానిని 'ఫ్యాటీ లివర్' అంటారు. మొదట్లో చాలామందికి నొప్పి కూడా తెలియదు. కొందరిలో మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ వాపు వచ్చి, మచ్చలు ఏర్పడి, కాలేయం గట్టిపడిపోతుంది.

ఒకే ఇంట్లో తండ్రికీ, కొడుకుకీ ఈ జబ్బు ఉందనుకోండి. కారణం జన్యువులా, లేక ఒకే వంటింటి భోజనమా? ఈ చిక్కు విప్పడానికి కవలలు తోడ్పడ్డారు. ఒకే పోలికతో పుట్టే సమరూప కవలలకు జన్యువులన్నీ ఒకటే. మామూలు కవలలకు సగటున సగమే కలుస్తాయి. 2015లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఈ రెండు రకాల కవలలనూ పరీక్షించి పోల్చారు. మనిషికీ మనిషికీ మధ్య కాలేయపు కొవ్వులో కనిపించే తేడాకు దాదాపు సగం కారణం జన్యువులేనని ఆ పరిశీలనలో తేలింది.

అంతకుముందే, 2008లో, డల్లాస్ నగరంలో హెలెన్ హాబ్స్, జోనథన్ కోహెన్‌ల బృందం ఒక ముఖ్యమైన జన్యువును గుర్తించింది. 22వ క్రోమోసోము మీద ఉండే దాని పేరు పి.ఎన్.పి.ఎల్.ఎ.3. అది తయారుచేయించే మాంసకృత్తులో 481 ఎమైనో ఆమ్లాలు దండలో పూసల్లా ఉంటాయి. కొందరిలో 148వ పూస మారి, ఐసోల్యూసిన్ బదులు మెథియొనిన్ వస్తుంది. మారినది ఒక్క పూసే! అయినా ఆ మాంసకృత్తు కొవ్వు బిందువుల మీద పేరుకుపోయి, కొవ్వు కరగకుండా అడ్డుపడుతుంది. ఈ మార్పు తల్లినుంచీ తండ్రినుంచీ కూడా వచ్చినవారి కాలేయంలో కొవ్వు, అసలు రానివారికంటే సగటున రెట్టింపుకు పైగా కనిపించింది.

అయితే ఇక తప్పించుకోలేమా? అలాగేం కాదు. సన్నగా ఉన్నవారిలో ఈ జన్యువు ప్రభావం స్వల్పమనీ, ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ అది హెచ్చుతుందనీ 2017లో తెలిసింది. విత్తనం ఉన్నా, నీరు పోస్తేనే కదా మొలిచేది! అధిక బరువున్న పెద్దవారు తమ బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించుకుంటే కాలేయంలో కొవ్వు బాగా తగ్గుతుంది. మీ వయసువారికి రోజూ ఆటలు, తీపి పానీయాల విషయంలో అదుపు చాలా మేలుచేస్తాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. తాత, నాయనమ్మ, అమ్మమ్మలతో మొదలుపెట్టి మీ వంశవృక్షం గీయండి. ఎవరికి కాలేయం జబ్బు, ఎవరికి చక్కెర వ్యాధి ఉన్నాయో అడిగి గుర్తుపెట్టండి. ఇంట్లో ఎవరైనా వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకువెళ్ళమని చెప్పండి. నొప్పి తెలియని జబ్బును ముందే కనిపెట్టడానికి అది ఆయనకెంతో ఉపయోగపడుతుంది.